మొక్కలు మిగిలితే చాలదు: అడవి సర్పగంధ, దాని జన్యు వైవిధ్యం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది అడవిలో దానంతటదే పెరిగే ఔషధ మొక్కల గురించి, అందులోనూ ముఖ్యంగా సర్పగంధ గురించి. ఔషధ మొక్కల సభ అనగానే ఏ ఆకు ఏ జబ్బుకు పనిచేస్తుందన్న చర్చే ఎక్కువగా నడుస్తుంది. నేను దాని జోలికి పోవడం లేదు. ఒక మొక్క ఈ అడవిలో ఉంది, ఆ అడవిలోనూ ఉంది. రెండు చోట్లా అదే జాతి, అదే శాస్త్రీయ నామం. ఒక చోట పూర్తిగా పోయిందనుకోండి, రెండో చోట ఉందిలే అని ఊరుకోవచ్చా? ఊరుకోకూడదని నా వాదన. దానికి ముందు చైనాలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మలేరియాకు మందు వెతకడానికి చైనా 1967లో పెద్ద పథకం ఒకటి మొదలుపెట్టింది. అందులో పనిచేసిన తు యూయూ బృందం 1972లో ఆర్టెమిసినిన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. ఆ పనికే ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అది ఆర్టెమిసియా ఆన్యువా అనే మొక్క నుంచి వచ్చింది. మన దవనం, మాచిపత్రి ఉన్న ప్రజాతిలోదే అది కూడా. ఇంతవరకు చాలామందికి తెలుసు. అంతగా ప్రచారంలోకి రాని విషయం ఏమిటంటే, బీజింగ్ చుట్టుపక్కల దొరికే మొక్కలో ఆ పదార్థం చాలా తక్కువ. మందు తయారీకి సరిపడా పదార్థం కావాల్సి వచ్చినప్పుడు సిచువాన్ ప్రాంతపు మొక్క ఆదుకుంది. జాతి ఒకటే. పుస్తకంలో వర్ణన ఒకటే. ఎక్కడి మొక్క తెచ్చారన్న దాన్ని బట్టి పని సాగడమో ఆగడమో జరిగింది. సిచువాన్‌లో ఆ మొక్క అప్పటికే లేకుండా పోయి ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ తేడా మొక్కలోదా, నేలదా? సిచువాన్ వానలు, అక్కడి మట్టి, అక్కడి ఎండ వల్ల కూడా పదార్థం పెరగవచ్చు కదా. ఇది తేల్చడానికి పాతదే అయినా నమ్మకమైన పద్ధతి ఉంది. వేరు వేరు చోట్ల నుంచి విత్తనాలు తెచ్చి, ఒకే తోటలో, ఒకే నీరు, ఒకే మట్టిలో పక్కపక్కనే పెంచుతారు. దీన్ని కామన్ గార్డెన్ ప్రయోగం అంటారు. అప్పటికీ తేడా నిలిచి ఉంటే అది వారసత్వంగా వచ్చిందని అర్థం. తేడా మాయమైతే అది నేల ఇచ్చింది. ఆచరణలో రెండూ కలిసే ఉంటాయి, ఏది ఎంత అన్నదే తేలాల్సింది. ఈ ప్రయోగం చెయ్యకుండానే “మా కొండ మొక్కలో పవర్ ఎక్కువ” అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పేది నిజమే కావచ్చు, కానీ అలా పెంచి చూస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు సర్పగంధకు వద్దాం. ఇది గన్నేరు కుటుంబానికి చెందిన చిన్న పొద. చాలావరకు మోకాలి ఎత్తు దాటదు. ఆకులు కణుపు దగ్గర సాధారణంగా మూడేసి చొప్పున చుట్టూ వస్తాయి. పూలు తెల్లగా, గొట్టంలా ఉంటాయి, వాటి కాడలు మాత్రం ఎర్రగా మెరుస్తాయి. పచ్చటి అడవి నీడలో ఆ ఎరుపే దాన్ని పట్టిస్తుంది. కాయలు చిన్నవి, పండితే ఊదా నలుపు రంగుకు తిరుగుతాయి. హిమాలయాల అడుగు కొండల నుంచి పడమటి కనుమలు, తూర్పు కనుమల దాకా, అటు మయన్మార్, థాయ్‌లాండ్ మీదుగా జావా వరకు తేమగల అడవుల్లో కనిపిస్తుంది. పటం మీద చూస్తే చాలా విశాలమైన ప్రాంతం. దగ్గరికి వెళ్ళి చూస్తే ఇక్కడ కొన్ని మొక్కలు, చాలా దూరం పోయాక మరికొన్ని. మధ్యలో ఏమీ ఉండదు. ఈ చెదిరిన తీరును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మందు అంతా వేరులో ఉంది, అందులోనూ ఎక్కువ భాగం వేరు బెరడులో. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దీన్ని రక్తపోటుకు, మానసిక రోగానికి వాడిన అనుభవాన్ని ప్రచురించారు. అదే ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ దీని నుంచి ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసే ఘాటైన మందు పదార్థాలు, వేరు చేసి, ఒకదానికి యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు రోగుల మీద దీని ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఇందులోని రిసర్పిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరు చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు రక్తపోటు చికిత్సలోనూ, మానసిక వైద్యంలోనూ దానిదే హవా.

వైద్య చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం అదే సమయంలో అడవిలో ఏం జరిగిందన్నదే ముఖ్యం. ఆకు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. కాయ కోస్తే మరుసటి ఏడాది మళ్ళీ కాస్తుంది. వేరు తవ్వితే ఆ మొక్క అక్కడితో సరి. ఎదిగిన వేరుకే ధర పలుకుతుంది కాబట్టి తవ్వేవాళ్ళు ఎదిగిన మొక్కనే చూస్తారు. అంటే గింజ ఇవ్వాల్సిన తల్లి మొక్కలే ముందు పోతాయి. దీనికి తోడు సర్పగంధ గింజ పెంకు గట్టిది. వేసిన గింజల్లో మొలకెత్తనివే ఎక్కువన్న సంగతి నర్సరీ వాళ్ళందరికీ తెలుసు. 1990లో ఈ జాతిని, ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అడవి నుంచి తీసిన సర్పగంధ ఎగుమతిని మన దేశం నిషేధించింది. రిసర్పిన్ పరిశ్రమ చాలావరకు ఆఫ్రికాలో పెరిగే దీని చుట్టం రావుల్ఫియా వామిటోరియా వైపు మళ్ళింది. తవ్వకం ఒత్తిడి కొంత తగ్గి ఉండవచ్చు గానీ దేశంలో వాడకం ఆగలేదు, అడవులు ముక్కలవడమూ ఆగలేదు.

ఇలా తవ్వాక మిగిలిన మొక్కల్లో ఏం మిగిలింది? అసలు విషయం ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

సాధారణంగా ఒక మొక్కలో ఒక్కో జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి వైపు నుంచి, ఒకటి తండ్రి వైపు నుంచి. ఒకే జన్యువుకు కొద్దికొద్ది తేడాలతో చాలా రూపాలు ఉండవచ్చు. వాటినే అల్లీల్స్ అంటాం. ఒక చోట పెరిగే మొక్కలన్నిటినీ ఒక గుంపుగా తీసుకుంటే, ఆ గుంపులో ఇలాంటి రూపాలు ఎన్ని, ఏది ఎంత తరచుగా కనిపిస్తుంది అన్నదే జన్యు వైవిధ్యం. దీన్ని కొలిచే తీరులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఎన్ని రూపాలు ఉన్నాయో లెక్కపెట్టడం ఒకటి. ఒక మొక్కలోని రెండు ప్రతులూ వేరు వేరు రూపాలు అయ్యే అవకాశం ఎంత అన్నది ఇంకొకటి, దీన్ని హెటిరోజైగోసిటీ అంటారు. పరిశోధన పత్రాల్లో ఈ రెండో అంకెనే ఎక్కువగా చూస్తాం. ఆ ఒక్క అంకెనే చూసి ధైర్యం తెచ్చుకోవద్దని నేను ఎందుకు అంటానో ఒక లెక్క చేసి చూపిస్తాను.

ఒక పెద్ద గుంపు ఉంది. తవ్వకాల తర్వాత అందులో 5 మొక్కలే మిగిలాయి. 5 మొక్కలంటే ఒక్కో జన్యువుకు 10 ప్రతులు. సిద్ధాంతం ప్రకారం ఒక తరంలో పోయే హెటిరోజైగోసిటీ 10లో ఒక వంతు, అంటే 10 శాతం. 90 శాతం అలాగే ఉంది. రిపోర్టులో “వైవిధ్యం బాగానే నిలిచింది” అని రాసేయవచ్చు. ఇప్పుడు అదే గుంపులో మొదట 5 శాతం మాత్రమే ఉండిన ఒక అరుదైన రూపం సంగతి చూడండి. ఒక్కో ప్రతిలో అది లేకపోయే అవకాశం 0.95. పది ప్రతుల్లోనూ లేకపోయే అవకాశం కావాలంటే 0.95ను పదిసార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 0.60. అంటే ఆ రూపం పూర్తిగా పోయి ఉండే అవకాశం 60 శాతం. ఒక అంకె 90 శాతం భద్రమని చెబుతుంటే, ఇంకో అంకె అరుదైనవాటిలో సగానికి పైగా పోయాయని చెబుతోంది. రెండూ నిజమే. ఫంగస్ తెగులును తట్టుకునే రూపమో, ఫలానా ఆల్కలాయిడ్‌ను ఎక్కువగా తయారుచేసే రూపమో ఆ పోయినవాటిలో ఉంటే, దాన్ని మళ్ళీ తెచ్చుకునే దారి మనకు లేదు. కొత్త రూపాలు మ్యుటేషన్ వల్లే, అంటే జన్యువులో అనుకోకుండా వచ్చే మార్పు వల్లే పుట్టాలి, అది మన కాలమానంలో అయ్యే పని కాదు.

గుంపు చిన్నదిగానే ఉండిపోతే నష్టం తరతరానికీ పేరుకుపోతుంది. సంతానంలో పాలుపంచుకునే మొక్కలు 10 మాత్రమే ఉంటే తరానికి 5 శాతం చొప్పున పది తరాల్లో హెటిరోజైగోసిటీ 40 శాతం పోతుంది. 50 ఉంటే అదే కాలంలో పోయేది దాదాపు 10 శాతం. ఇక్కడ “పాలుపంచుకునే” అన్న మాట గమనించండి. చెట్టు కింద వంద మొక్కలు కనిపించవచ్చు. వాటిలో పూసేవి ఎన్ని, కాయ నిలిచేవి ఎన్ని, వేరు ముక్క నుంచి మళ్ళీ మొలిచిన ఒకే మొక్క నకళ్ళు ఎన్ని? ఇవన్నీ తీసేస్తే ఆ వంద ఒక్కోసారి పదిహేను ఇరవైకి దిగిపోతుంది. జన్యువులు పట్టించుకునేది ఈ చిన్న సంఖ్యనే.

ఇదంతా కాగితం మీది లెక్క అనిపిస్తే, అమెరికాలో లేక్‌సైడ్ డైసీ అనే మొక్కకు జరిగింది వినండి. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆ జాతి మొక్కలు ఒక చోట కొద్దిగా మిగిలాయి. బతికే ఉన్నాయి, ఏటా పూస్తున్నాయి. కానీ ఏళ్ళ తరబడి గింజ కట్టలేదు. ఈ మొక్క తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. తన సంపర్క వర్గానికే చెందిన ఇంకో మొక్క పుప్పొడినీ ఒప్పుకోదు. పరీక్షించి చూస్తే అక్కడ మిగిలిన మొక్కలన్నీ ఒకే సంపర్క వర్గానికి చెందినవని తేలింది. ఒహాయో నుంచి తెచ్చిన మొక్కలతో సంపర్కం చేయిస్తే గింజ కట్టింది. 1993లో ఈ పరిశోధన ప్రచురితమైంది. లెక్కపెట్టేవాళ్ళకు అక్కడ మొక్కలు కనిపించాయి, పూలు కూడా కనిపించాయి. సంతానం విషయంలో ఆ గుంపు ఎప్పుడో ముగిసిపోయింది.

దీర్ఘకాలం బతికే మొక్కలతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అడవి ముక్కలు కాకముందు పుట్టిన పాత మొక్కలు ఇంకా నిలబడి ఉంటాయి. వాటి డీఎన్ఏ కొలిస్తే పాత రోజుల వైవిధ్యమే కనిపిస్తుంది. నష్టం తెలియాలంటే వాటి కింద మొలిచిన పిల్ల మొక్కలను కూడా విడిగా కొలవాలి. పెద్దవాటినీ పిల్లలనూ కలిపి ఒకే సగటు ఇచ్చే పత్రం నా చేతికి వస్తే, విడదీసి మళ్ళీ లెక్కించమనే అంటాను.

ఇక కొలిచే పద్ధతుల మాట. 1960ల నుంచి ఎంజైమ్ రూపాలను జెల్ మీద వేరు చేసి చూసేవారు. ఆ తర్వాత డీఎన్ఏ ముక్కలను జెల్ మీద బ్యాండ్లుగా, అంటే గీతలుగా చూపే పద్ధతులు వచ్చాయి: 1990లో ఆర్ఏపీడీ, 1994లో ఐఎస్ఎస్ఆర్, 1995లో ఏఎఫ్ఎల్పీ. మన కాలేజీ ల్యాబుల్లో ఔషధ మొక్కల మీద జరిగిన పనిలో చాలా భాగం ఆర్ఏపీడీ, ఐఎస్ఎస్ఆర్‌లతో జరిగింది. ఖర్చు తక్కువ, ఆ మొక్క జన్యువుల గురించి ముందుగా ఏమీ తెలియకపోయినా పని నడుస్తుంది. అందుకు వాటికి రుణపడి ఉన్నాం. కానీ వాటి హద్దు కూడా చెప్పాలి. ఆర్ఏపీడీ బ్యాండ్లు ఒక ల్యాబులో వచ్చినట్టు ఇంకో ల్యాబులో రావు. పైగా బ్యాండ్ ఉంది, లేదు అన్నంత వరకే చెబుతుంది. ఆ మొక్కలో రెండు ప్రతులూ ఒకటేనా, వేరా అన్నది చెప్పదు. మైక్రోశాటిలైట్లు, అంటే డీఎన్ఏలో చిన్న ముక్క పదేపదే వచ్చే చోట్లు, ఆ పని చేస్తాయి. ఇప్పుడు జీనోమ్‌లోని వేలాది చోట్లను ఒకేసారి చదివే పద్ధతులు అందుబాటులోకి వచ్చాయి. ఏ పద్ధతైనా మొదటి అడ్డంకి మాత్రం అదే. ఔషధ మొక్కల్లో ఆల్కలాయిడ్లు, ఫినాల్స్, జిగురు పదార్థాలు ఎక్కువ. డీఎన్ఏ తీస్తుంటే అవీ వెంట వస్తాయి, ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ పైన డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ నడవదు. లేత ఆకు తీసుకుని, కోసిన వెంటనే సిలికా జెల్‌లో ఆరబెడితే సగం తలనొప్పి తగ్గుతుంది. విద్యార్థులు దీన్ని చిన్న విషయమని వదిలేసి, తర్వాత నెలలకు నెలలు ల్యాబులో టెన్షన్ పడతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది కొంచెం సున్నితమైనది. మనం కొలిచే మార్కర్లలో, అంటే డీఎన్ఏలో గుర్తులుగా వాడే చోట్లలో, చాలావాటికి మొక్క చేసే మందుతో నేరుగా సంబంధం లేదు. గుంపుల మధ్య రాకపోకలు, చుట్టరికాలు వాటి నుంచి తెలుస్తాయి. రిసర్పిన్ ఎక్కువ తక్కువలు తెలియవు. సర్పగంధలో ఆల్కలాయిడ్ల తయారీకి తలుపు తీసే ఎంజైమ్ పేరు స్ట్రిక్టోసిడిన్ సింథేజ్. దాని జన్యువును 1988లో ఈ మొక్క నుంచే క్లోన్ చేశారు. అది ట్రిప్టమిన్‌ను, సెకోలోగానిన్‌ను కలుపుతుంది. అక్కడి నుంచి దారులు చీలి పదుల కొద్దీ ఆల్కలాయిడ్లు వస్తాయి. ఇన్ని మెట్లున్న దారిలో ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా వేరులోని పాళ్ళు మారతాయి. అందుకే మార్కర్ వైవిధ్యం తక్కువని ఒక గుంపును పక్కన పెట్టేయడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ గుంపులోనే అరుదైన రసాయన పాళ్ళు ఉండవచ్చు. మార్కర్లు, రసాయన పరీక్ష, ఇందాక చెప్పిన ఒకే తోట ప్రయోగం, ఈ మూడూ కలిస్తేనే ఏ గుంపును గురించైనా మాట్లాడే హక్కు వస్తుంది.

గుంపుల మధ్య తేడా ఎంత ఉంటుందన్నది చాలావరకు మొక్క సంపర్క పద్ధతి మీద ఆధారపడుతుంది. హామ్రిక్, గాడ్ట్ అనే శాస్త్రవేత్తలు 1989లో వందల జాతుల ఎంజైమ్ సమాచారాన్ని కలిపి చూశారు. తన పుప్పొడితో తానే గింజ కట్టే జాతుల్లో, మొత్తం వైవిధ్యంలో సగటున సగం దాకా గుంపుకూ గుంపుకూ మధ్య తేడాగా ఉంది. గాలి ద్వారా పుప్పొడి దూరం పోయే జాతుల్లో అది పదో వంతు మాత్రమే. దీని ప్రభావం నేరుగా మన పని మీద పడుతుంది. రెండో రకం జాతిలో ఒక పెద్ద గుంపును కాపాడినా చాలా భాగం చేతికి వస్తుంది. మొదటి రకంలో ఒక గుంపును కాపాడితే మిగతా సగం జారిపోయినట్టే. సర్పగంధ పూలకు కీటకాలు రావాలి, పండ్లను పక్షులు మొయ్యాలి. మధ్యలో పొలాలు, రోడ్లు, ఊళ్ళు వచ్చినప్పుడు ఆ రాకపోకలు తగ్గుతాయి. మొదట్లో చెప్పిన ఆ చెదిరిన తీరు వల్ల, ఒకప్పుడు కలిసి ఉన్న గుంపులు కూడా ఇప్పుడు ఎవరి దారి వారిదిగా మారుతున్నాయి. కాబట్టి దీని విషయంలో ఒక అభయారణ్యంతో సరిపెట్టుకోవడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఇంతవరకు చెప్పింది లాటరీలాంటి నష్టం. ఏది పోతుందో, ఏది ఉంటుందో అదృష్టం మీద ఆధారపడింది. కానీ మనిషి తవ్వకం గుడ్డిగా జరగదు. చేతికి నచ్చినదాన్ని, కంటికి కనిపించినదాన్ని ముందు తీస్తుంది. అంటే మనకు తెలియకుండానే మనం ఎంపిక చేస్తున్నాం, అదీ తలకిందులుగా.

హిమాలయాల్లో, టిబెట్ వైపు ఎత్తైన కొండల్లో స్నో లోటస్ అనే మొక్క ఉంది, సాసూరియా లానిసెప్స్. జీవితంలో ఒక్కసారే పూస్తుంది, గింజ రాలాక చనిపోతుంది. మందు కోసం దాన్ని పూత మీద ఉండగానే, ఎత్తుగా ఉన్నదాన్ని చూసి మరీ కోస్తారు. వేన్ లా, జాన్ సాలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హెర్బేరియంలలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట్లలో) దాచిన పాత నమూనాలను కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించారు. వందేళ్ళ కాలంలో ఈ మొక్క పొట్టిదైపోయింది. అదే కొండల్లో ఉండి అంతగా కోతకు గురికాని దాని చుట్టం సాసూరియా మెడ్యూసా ఎత్తులో అలాంటి మార్పు లేదు. కోత ఎక్కువగా జరిగే చోట్ల మొక్కలు, కోయకుండా వదిలే పవిత్ర స్థలాల్లోని మొక్కల కంటే పొట్టిగా ఉన్నాయి. ఎత్తైనవి గింజ వెయ్యకముందే పోతుంటే, గింజ వేసేవి పొట్టివే కదా. ఎండబెట్టి అట్టకు అంటించి బీరువాలో పెట్టిన నమూనాకు ఇంత విలువ ఉంటుందని, వాటిని పాత కాగితాలుగా చూసేవాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

రెండో ఉదాహరణ నన్ను ఇంకా కలవరపెడుతుంది. చైనా నైరుతిలో హెంగ్‌డువాన్ పర్వతాలున్నాయి. అక్కడి రాతి గుట్టల వాలుల్లో ఫ్రిటిలారియా డెలవాయి అనే మొక్క పెరుగుతుంది. దాని దుంపను రెండు వేల ఏళ్ళకు పైగా చైనా వైద్యంలో వాడుతున్నారు. ఏడాదికి ఒక్క పువ్వు, అదీ ఐదో ఏడు తర్వాతే. మామూలుగా ఆకు పచ్చగా ఉంటుంది. యాంగ్ నియూ బృందం 2020లో చూపించింది ఏమిటంటే, తవ్వకం తక్కువగా ఉండే చోట మొక్కలు పచ్చగానే ఉన్నాయి. తవ్వకం ఎక్కువగా ఉండే చోట ఆకులు బూడిద రంగుకో గోధుమ రంగుకో తిరిగి, వెనకున్న రాళ్ళలో కలిసిపోతున్నాయి. ఆ మొక్కలను తినే జంతువుల వల్ల ఇలా జరిగిందన్న ఆధారం వాళ్ళకు దొరకలేదు. తవ్వే మనిషి కంట పడకుండా మిగిలినవే సంతానం ఇచ్చాయి. ఫొటోల్లో ఆ మొక్కను వెతికి పట్టుకోమని మనుషులకు పరీక్ష పెడితే, రాతి రంగు మొక్కను కనిపెట్టడానికి ఎక్కువ సమయం పట్టింది. ఒక జాతి ఆకు రంగునే మార్చేంత ఒత్తిడి మనిషి చేతిలో ఉందంటే, వేరు లావు మీద, పూత కాలం మీద, ఆల్కలాయిడ్ పాళ్ళ మీద ఆ చేతి ప్రభావం ఉండదని ఎలా అనుకోగలం? సర్పగంధలో కూడా ఏపుగా ఎదిగి, ఎర్ర కాడలతో పూతకు వచ్చిన మొక్కే ముందు కంటపడుతుంది. తరం తర్వాత తరం అదే ముందు పోతుంటే ఏ రకం మిగులుతుందో చూడాల్సిన అవసరం ఉంది.

సరే, ఏం చెయ్యాలి? సాగు చేస్తే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని అందరూ అంటారు. తగ్గుతుంది, సాగును నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ పొలంలోకి వచ్చేది కొద్ది తల్లి మొక్కల సంతానం. అడవిలోని వైవిధ్యానికి అది బదులు కాదు. రేపు ఆ పొలంలో కొత్త తెగులు వస్తే, దానికి విరుగుడు రకం కోసం మళ్ళీ అడవికే వెళ్ళాలి. కాబట్టి అడవి గుంపులను ఉన్న చోటే ఉంచాలి. కర్ణాటక, కేరళ, తమిళనాడు అటవీ శాఖలు ఔషధ మొక్కల మీద పనిచేసే ఎఫ్ఆర్ఎల్‌హెచ్‌టీ సంస్థతో కలిసి 1993లో మొదలుపెట్టిన ఔషధ మొక్కల పరిరక్షణ ప్రాంతాలు ఈ దారిలోనివే. వేరు వేరు ఎత్తుల్లో, వేరు వేరు అడవి రకాల్లో చిన్నచిన్న ప్రాంతాలను ఎంచుకున్నారు. ఒకే పెద్ద ప్రాంతం కంటే ఇలాంటి జాతులకు ఇదే మేలని ఇందాకటి లెక్కలు కూడా చెబుతున్నాయి.

విత్తనం సేకరించేటప్పుడు ఎన్ని మొక్కల నుంచి తీసుకోవాలి? దీనికి మార్షల్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 1975లోనే దారి చూపించారు. ఇందాకటి లెక్కే మళ్ళీ. 5 శాతం ఉన్న రూపం కనీసం ఒక్కటైనా మన సంచిలో పడాలి, 95 శాతం నమ్మకంతో. 0.95ను 59 సార్లు గుణిస్తే 0.05 కంటే కొంచెం తక్కువ వస్తుంది. కాబట్టి 59 ప్రతులు కావాలి. ఒకదానితో ఒకటి స్వేచ్ఛగా సంపర్కం జరుపుకునే గుంపులో ఒక్కో మొక్క రెండు ప్రతులు ఇస్తుంది కాబట్టి 30 మొక్కలు చాలు, తన పుప్పొడితో తానే గింజ కట్టే గుంపులో ఆ రెండూ దాదాపు ఒకటే కాబట్టి 59 వెతకాలి. ఒకే పొద నుంచి కిలో గింజలు దులుపుకుని వస్తే సంచి నిండుతుంది, వైవిధ్యం రాదు. ప్రతి తల్లి మొక్క గింజనూ విడి కవరులో వేసి, చోటు, తేదీ రాయాలి. పక్కపక్క మొక్కలు చుట్టాలై ఉంటాయి కాబట్టి మధ్య మధ్య దూరం వదలాలి. కొన్ని కాయలు మొక్క మీదే ఉంచి రావాలి. గింజ తీసే ముందు అది సర్పగంధేనా అని నిర్ధారించుకోవాలి. అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడిన రావుల్ఫియా టెట్రాఫిల్లా దీని పేరుతో చెలామణి కావడం మామూలే. అనుమానం ఉంటే డీఎన్ఏ బార్‌కోడ్‌తో, అంటే జాతిని పట్టిచ్చే చిన్న డీఎన్ఏ ముక్కను చదివి, తేల్చుకోవచ్చు.

ఒక అడవి మొక్కలను ఇంకో అడవిలో నాటే విషయంలో మాత్రం తొందరపడవద్దు. బాగా కుంగిపోయిన గుంపుకు బయటి రక్తం ప్రాణం పోస్తుంది, లేక్‌సైడ్ డైసీలో చూశాం. ఆరోగ్యంగా ఉన్న గుంపులోకి దూరపు నేలకు అలవాటుపడ్డ మొక్కలను తెచ్చి కలిపితే, అక్కడి వాననూ ఎండనూ తట్టుకునే లక్షణాలు చెదిరిపోవచ్చు. ముందు కొలవండి, తర్వాత దగ్గరి అడవి నుంచి మొదలుపెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా తయారవుతున్న జీవవైవిధ్య రిజిస్టర్లలో కూడా మొక్క పేరు రాసి వదిలేయకుండా, ఎక్కడ ఉంది, పూతకు వచ్చినవి ఎన్ని, పిల్ల మొక్కలు ఎన్ని, కాయ ఎప్పుడు పండుతుంది అన్నవి కూడా రాస్తే పరిశోధకులకు ఎంతో ఉపయోగం. ఈ వివరాలు ఆ అడవిలో రోజూ తిరిగేవాళ్ళకే తెలుస్తాయి. రాసేటప్పుడు వాళ్ళను కూర్చోబెట్టుకుని రాయాలి. ఖచ్చితమైన చోటును మాత్రం అందరికీ కనిపించేలా బయటపెట్టకూడదు, తవ్వేవాళ్ళకు అదే దారి చూపించినట్టవుతుంది.

వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తారు. మంచి మొక్కను టిష్యూ కల్చర్ చేసి, అంటే దాని చిన్న ముక్క నుంచి ల్యాబులో నకళ్ళు పెంచి, లక్షల్లో ఇస్తే సమస్య తీరదా అని అడుగుతున్నారు. మందు తయారీకి అయితే తీరుతుందమ్మా, అందులో తప్పేమీ లేదు. ఒకే రకం వేరు, ఒకే పాళ్ళలో ఆల్కలాయిడ్ కావాలంటే క్లోన్లే మేలు. కానీ ఆ లక్ష మొక్కలూ జన్యువుల లెక్కలో ఒక్క మొక్కే. వాటిని పొలంలో నాటండి. అడవిలో నాటాల్సి వస్తే ఆ అడవి నుంచే తీసిన 30 తల్లి మొక్కల గింజతో నారు పెంచండి. గింజ మొలవక టిష్యూ కల్చర్ తప్పదనుకుంటే, ఒక్కో తల్లి నుంచి విడిగా కల్చర్ మొదలుపెట్టి, ఏ బాటిల్ ఏ తల్లిదో చివరిదాకా లేబుల్ తప్పిపోకుండా చూసుకుని, అన్ని తల్లుల నుంచీ సమానంగా మొక్కలు తీసుకెళ్ళండి. బాగా పెరిగే క్లోనే ల్యాబులో సగం అరలు ఆక్రమిస్తుంది, జాగ్రత్త. దాన్ని ఆపి, మందకొడిగా పెరిగేవాటికి కూడా చోటు ఇవ్వాల్సింది ల్యాబు నడిపేవాళ్ళే.